ఉసిరి ఎందుకు వేరుపడింది? విశాఖ పరిసరాల్లో ఆముదం కుటుంబపు వర్గీకరణ, విస్తరణ

క్లుప్తంగా: ఆముదం, జెముడు, రబ్బరు, కర్రపెండలం ఉన్న యుఫోర్బియేసి కుటుంబంలోనే ఉసిరి, నేల ఉసిరి కూడా ఉన్నాయని దశాబ్దాలపాటు బోధించారు. డీఎన్‌ఏ ఆధారాలు వచ్చాక ఉసిరి వర్గం ఫిల్లాంథేసిగా, పుత్రంజీవ వర్గం పుత్రంజివేసిగా వేరుపడ్డాయి. ఈ మార్పు ఒక్కసారిగా వచ్చింది కాదు. కాయలోని గింజల లెక్క, పాలు, రసాయనాలు అంతకు ముందే ఆ దిశగా సూచనలిచ్చాయి. విశాఖ చుట్టూ ఈ కుటుంబపు మొక్కల్లో ఏవి ఇక్కడివో, ఏవి సముద్రాలు దాటి వచ్చాయో తెలుసుకోవడానికి కూడా కొత్త వర్గీకరణ తోడ్పడుతుంది.

ఉసిరి ఏ కుటుంబానికి చెందినదని అడిగితే, వృక్షశాస్త్రం చదివిన కాలాన్ని బట్టి జవాబు మారుతుంది. పాతికేళ్ల కిందట డిగ్రీ చేసినవారు యుఫోర్బియేసి అంటారు. ఇటీవల చదివినవారు ఫిల్లాంథేసి అంటారు. విశాఖపట్నం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వెలువడిన గ్యాంబుల్ వృక్షజాల గ్రంథం ఈ మొక్కలన్నిటినీ ఒకే కుటుంబం కింద వర్ణించింది. తూర్పు కనుమల మొక్కలను గుర్తుపట్టడానికి ఇప్పటికీ ఆధారమైన గ్రంథం అదే కాబట్టి, పాత పేరు వాడుకలో నిలిచిపోయింది. ఔషధ మొక్కల జాబితాల్లో, నర్సరీ పలకలపై, పోటీ పరీక్షల ప్రశ్నల్లో రెండు పేర్లూ కనిపించడానికి కారణం ఇదే.

పువ్వులా కనిపించే గుత్తి

ఈ కుటుంబాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. విశాఖ అపార్టుమెంట్ల బాల్కనీల్లో విరివిగా పెంచే ముళ్ల యుఫోర్బియా, అంటే యుఫోర్బియా మిలీ, మడగాస్కర్ మొక్క. దాని ఎర్రని పువ్వుగా అందరూ చూసేది నిజానికి ఒక పువ్వు కాదు. రేకుల్లా ఉన్న రెండు ఎర్రని భాగాలు పుచ్ఛాలు, అంటే రంగు మారిన ఆకులు. వాటి నడుమ చిన్న గిన్నె, గిన్నె అంచున ఐదు తేనె గ్రంథులు, గిన్నె లోపల సన్నని కేసరాలు ఉంటాయి. భూతద్దంతో చూస్తే ప్రతి కేసరపు కాడలోనూ ఒక కీలు లాంటి గీత కనిపిస్తుంది. ఆ గీతకు కింది భాగం పువ్వు కాడ, పైభాగం కేసరం. అంటే ఒక్కొక్క కేసరం ఒక్కొక్క మగపువ్వు. రేకులు, రక్షక పత్రాలు అన్నీ పోయి కేసరం ఒక్కటే మిగిలిన పువ్వు. నడుమ మూడు గదుల అండాశయం ఉన్న ఆడపువ్వు ఒక్కటే ఉంటుంది.

సయాథియం అనే ఈ ఏర్పాటు యుఫోర్బియాకు, దాని దగ్గరి బంధువులకు ప్రత్యేకం. లిన్నేయస్ దీనిని అనేక కేసరాలున్న ఒకే పువ్వుగా లెక్కవేసి ఆ ప్రకారమే వర్గీకరించాడు. కేసరపు కాడలోని కీలును గమనించి ఇది పూలగుత్తి అని వివరించినది స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. రెండు వేల జాతులతో పుష్పించే మొక్కల్లోని అతి పెద్ద ప్రజాతుల్లో (దగ్గరి జాతుల సమూహాల్లో) ఒకటైన యుఫోర్బియాలో కాండం రూపం ఎంత మారినా ఈ గుత్తి నిర్మాణం మాత్రం మారలేదు. పేవ్‌మెంటు పగుళ్లలో నేలకు అంటుకుని పెరిగే నానబాలు మొక్కలోనూ, కొండరాళ్ల మీద మనిషి కంటే ఎత్తు పెరిగే బొమ్మజెముడులోనూ, క్రిస్మస్ రోజుల్లో అమ్మే మెక్సికో మూలపు పాయిన్‌సెటియాలోనూ ఉన్నది ఇదే గుత్తి. బాహ్యరూపం చూసి వీటిని ఒకచోట చేర్చడం ఎవరికీ తోచదు. పువ్వు చూస్తే వేరు చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

గింజల లెక్క దగ్గర మొదలైన చీలిక

1789లో ఆంట్వాన్ లారెంట్ డి జుస్సు ఈ కుటుంబాన్ని నిలబెట్టిన నాటి నుంచీ దాని ముఖ్య గుర్తు మూడు గదుల కాయ. పండిన ఆముదం కాయ మూడు తొనలుగా విచ్చుకుంటుంది, తొనకొక్క గింజ, మొత్తం మూడు. ఉసిరికాయ గుజ్జు తీసి లోపలి గట్టి టెంకను ఎండబెట్టి పగలగొడితే అక్కడా మూడు గదులే ఉంటాయి, కానీ గదికి రెండు చొప్పున ఆరు గింజలు కనిపిస్తాయి. నేల ఉసిరి రెమ్మ కింద వరుసగా వేలాడే ఆవగింజంత కాయల్లోనూ లెక్క ఆరే. ఆకారం ఒకటే అయినా, గదికి ఒక అండమా, రెండు అండాలా అన్న తేడా ఈ మొక్కలన్నిటినీ నిలువుగా రెండు వర్గాలుగా చీలుస్తుంది.

ఈ తేడా పాతవారికి తెలియనిదేమీ కాదు. 1975లో అమెరికా వృక్షశాస్త్రవేత్త గ్రేడీ వెబ్‌స్టర్ ప్రతిపాదించిన ఐదు ఉపకుటుంబాల్లో రెండింటిలో గదికి రెండేసి అండాలు, మిగిలిన మూడింటిలో ఒక్కొక్కటే ఉంటాయి. అయితే మూడు గదుల కాయ, వేర్వేరు మగ, ఆడ పూలు అనే ఉమ్మడి లక్షణాలు బలంగా కనిపించడంతో వీటన్నిటినీ ఒకే కుటుంబంగా ఉంచారు. 1990ల్లో డీఎన్‌ఏ పోలికలు మొదలయ్యాక అసలు విషయం బయటపడింది. రెండు అండాల వర్గాలకు, ఒక అండం వర్గాలకు ఉమ్మడి పూర్వికుడు ఉన్నా, ఆ పూర్వికుడి సంతానంలో ఇతర కుటుంబాలు కూడా ఉన్నాయి. ఒకే పూర్వికుడి సంతతి మొత్తాన్ని ఒక కుటుంబంలో చేర్చాలన్నది నేటి వర్గీకరణ సూత్రం. దాని ప్రకారం పాత కుటుంబం నిలవదు. పుష్పించే మొక్కలను డీఎన్‌ఏ ఆధారంగా వర్గీకరించే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఏపీజీ. 2003లో వెలువడిన దాని రెండో వర్గీకరణ ఫిల్లాంథేసి, పిక్రోడెండ్రేసి, పుత్రంజివేసి కుటుంబాలను విడిగా గుర్తించింది. విభజన తర్వాత కూడా యుఫోర్బియేసిలో ఆరు వేలకు పైగా జాతులు మిగిలాయి. ఫిల్లాంథేసిలో సుమారు రెండు వేలు ఉన్నాయి.

పుత్రంజివేసి విషయంలో రసాయనం మరింత స్పష్టంగా సాక్ష్యం చెబుతుంది. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్, సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరపు మొక్కల అధ్యయనానికి పునాది వేసినవారు. ఆ రాక్స్‌బర్గ్ పేరు మోస్తున్న పుత్రంజీవ చెట్టులో ఆవ ఘాటుకు కారణమయ్యే గ్లూకోసినోలేట్లు ఉన్నాయి. ఆవ, ములగ ఉన్న క్రమం వెలుపల ఈ రసాయనాలు దాదాపు ఎక్కడా ఉండవు. అలాంటి చెట్టును ఆముదంతో కలిపి ఉంచడానికి మిగిలిన కారణం పువ్వు, అండాశయాల పోలిక మాత్రమే. డీఎన్‌ఏ ఆ పోలికను కొట్టిపారేసింది.

2007లో మరో చిక్కు వచ్చిపడింది. సుమాత్రా, బోర్నియో అడవుల్లో ఆకులు, కాండం లేకుండా ఇతర తీగల వేళ్లలో పరాన్నజీవిగా బతుకుతూ, ప్రపంచంలోకెల్లా పెద్ద పువ్వు పూసే రఫ్లీసియా వంశం యుఫోర్బియేసి లోపలి నుంచే పుట్టిందని ఆ ఏడాది తేలింది. దాంతో రఫ్లీసియానైనా యుఫోర్బియేసిలో చేర్చాలి, లేదా ఆ కొమ్మ కంటే ముందే చీలిపోయిన పెరా వర్గాన్ని బయటకు పంపాలి. 2016 నాటి ఏపీజీ నాలుగో వర్గీకరణ రెండో దారి ఎంచుకుని పెరేసి అనే కుటుంబాన్ని గుర్తించింది. రెండు మార్గాలూ సూత్రానికి కట్టుబడినవే. కుటుంబం పేరు వినగానే ఒక రూపం మనసుకు తట్టాలన్న అవసరాన్ని బట్టి చూస్తే ఎంచుకున్నదే మేలైనది.

పాలు కారితే ఒకే కుటుంబమా?

గిల్లితే పాలు వచ్చే ప్రతి మొక్కనూ ఈ కుటుంబంలో చేర్చడం సాధారణంగా జరిగే పొరపాటు. విశాఖకు దగ్గరలోని ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర చెట్టు గిల్లితే తెల్లని పాలు వస్తాయి. అది మాత్రం గన్నేరు కుటుంబపు చెట్టు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు ఆముదం కుటుంబానిది. తెలుగునాట పేరుపడ్డ రెండు బొమ్మల కర్రలు ఇలా వేర్వేరు వంశాల నుంచి వచ్చాయి. మరోవైపు, కుటుంబానికి ప్రతినిధి అనదగ్గ ఆముదంలో తెల్లని పాలే లేవు, కాడ తెంపితే నీరులాంటి రసం వస్తుంది. పాలు ప్రధానంగా యుఫోర్బియా, రబ్బరు, నేపాళం చేరిన ఉపకుటుంబాల లక్షణం. కుప్పింటాకు, ఆముదం, కుంకుమ చెట్టు ఉన్న అకాలిఫా ఉపకుటుంబంలో అవి సాధారణంగా ఉండవు. ఉసిరి వర్గంలోనూ పాలు ఉండవు.

జెముళ్ల దగ్గర ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. బొమ్మజెముడు, నాగజెముడు రెండూ ముళ్లతో, నీరు నిలవ చేసుకునే కండగల కాండంతో ఉంటాయి. కాని నాగజెముడు కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చినది. బొమ్మజెముడు యుఫోర్బియా, ఈ నేల మీదిది. ముళ్లు పుట్టే చోటు చూస్తే తేడా తెలుస్తుంది. కాక్టస్ ముళ్లు మెత్తని నూగున్న ఒక చుక్క నుంచి గుంపుగా లేస్తాయి, జెముడు ముళ్లు కాండపు కనుపు అంచున జంటగా ఉంటాయి, అవి ఆకు కింది పత్రపుచ్ఛాలు మారినవి. కాండానికి గీత పడితే కాక్టస్‌లో జిగట నీరు, జెముడులో పాలు కనిపిస్తాయి. ఎండ, నీటి ఎద్దడి అనే ఒకే ఒత్తిడికి రెండు ఖండాల్లో రెండు వేరు వంశాలు ఒకే విధమైన శరీరాన్ని తయారు చేసుకున్నాయి. పరీక్ష కోసమైనా జెముడు పాలను చేతులతో తాకకూడదు. కంట్లో పడితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది.

విశాఖలో ఎవరు ఇక్కడివారు?

కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండలు, కంబాలకొండ వరకు నగరాన్ని చుట్టి ఉన్న కొండల్లో మట్టి పలచన, రాయి ఎక్కువ. వాన ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్లే, అందులో చాలా భాగం జూన్ నుంచి నవంబరు లోపే కురుస్తుంది. మిగిలిన ఆరు నెలల ఎండను తట్టుకునే బొమ్మజెముడు, ఆకుజెముడు వంటివి ఇలాంటి రాతి కొండలకు సహజమైనవి. అక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు లోపలికి, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ వైపు పోయేకొద్దీ ఇదే కుటుంబం వేరే రూపంలో కనిపిస్తుంది. ఎర్రని పొడి అద్దుకున్నట్టుండే కాయల కుంకుమ చెట్టు, కాడ ఆకు మధ్యలో అతుక్కున్నట్టుండే మకరంగా పెల్టాటా అక్కడి తడి లోయల్లో పెరుగుతాయి. చెట్లు పడి వెలుతురు నేలకు తాకినచోట మకరంగా ముందుగా లేస్తుంది. తూర్పు కనుమల వాగుల రాళ్ల మధ్య హోమోనోయా రిపేరియా అనే పొద ఉంటుంది. వరద మీదుగా పారినా దాని కొమ్మలు వంగుతాయే తప్ప విరగవు. దక్షిణాన కోరింగ మడ అడవుల్లో ఉప్పునీటిని తట్టుకునే తిల్ల చెట్టు కూడా ఈ కుటుంబానిదే. రాతి కొండ, తడి లోయ, పారే వాగు, ఉప్పు బురద ఇలా ఒకదానికొకటి పొంతన లేని నాలుగు ఆవాసాలను ఒకే కుటుంబం పంచుకోవడం విశేషం.

నగరం లోపలికి వస్తే చిత్రం తలకిందులవుతుంది. ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన, రోడ్డు పని కోసం పోసిన మట్టిగుట్టల మీద ఎక్కువగా కనిపించే కుక్కమిరప, అంటే క్రోటన్ బోన్‌ప్లాండియానమ్, దక్షిణ అమెరికా మొక్క. ఎర్రని లేత ఆకులున్న జట్రోఫా గాసిపిఫోలియా, కంచెల అడవి ఆముదం, పేవ్‌మెంటు నానబాలు అన్నీ అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చినవే. ఆముదం ఈశాన్య ఆఫ్రికాది. భారతదేశంలో ప్రాచీన కాలం నుంచీ ఉన్నందువల్ల అది పరాయిదన్న ఆలోచనే రాదు. కాలేయ వ్యాధులకు పల్లె వైద్యులు వాడే నేల ఉసిరి, ఫిల్లాంథస్ అమారస్, అమెరికా నుంచి వచ్చిందన్న అభిప్రాయం శాస్త్రవేత్తల్లో బలంగా ఉంది. నర్సరీల్లో క్రోటన్స్ పేరుతో అమ్మే రంగురంగుల ఆకుల మొక్క కోడియం. దాని సొంత ఊరు ఇండోనేసియా నుంచి పసిఫిక్ ద్వీపాల దాకా ఉన్న ప్రాంతం, అసలు క్రోటన్ ప్రజాతితో దానికి ఉన్నది దూరపు బంధుత్వమే. కుప్పింటాకు మాత్రం పాత ప్రపంచపు ఉష్ణమండలానిదే, మన పెరళ్లలో అది పరాయిది కాదు.

వలసవచ్చినవి నగరంలోనే ఎందుకు నిలదొక్కుకుంటాయన్న ప్రశ్నకు జవాబు వాటి శరీరధర్మంలో ఉంది. నానబాలు చెరుకు, మొక్కజొన్నల మాదిరి సీ4 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. కాంక్రీటు వేడిలో, తక్కువ నీటితో కూడా ఆహారం తయారుచేసుకోగలదు. ఒకే యుఫోర్బియా ప్రజాతిలో మామూలు సీ3, వేడికి తగిన సీ4, రాత్రిపూట మాత్రమే గాలి పీల్చుకునే క్యామ్ పద్ధతులు మూడూ ఉండటం వృక్షలోకంలో అరుదు. కుక్కమిరపకు తవ్వి వదిలేసిన నేలే అనుకూలం. నీడ కమ్మిన అడవిలో అది నిలవదు. అందువల్ల వీటిని పీకిపారేయడం కంటే కొండవాలును తవ్వి ఖాళీగా వదలకపోవడమే వీటిని అదుపు చేయడానికి ఎక్కువ పనికొస్తుంది.

పగిలే కాయ, చీమ, సముద్రం

ఎండలో ఆరబోసిన ఆముదం కాయలు చిటపట పగిలి గింజలు ఎగిరిపడటం పల్లెల్లో అందరూ చూసిందే. కాయ గోడలోని పొరలు ఎండేకొద్దీ వేర్వేరు దిశల్లో ముడుచుకుని, ఆ ఒత్తిడికి తొన ఒక్కసారిగా విడిపోతుంది. గింజ కొన్ని మీటర్ల దూరం పడుతుంది. గింజ కొనన ఉన్న మెత్తని బుడిపెలో కొవ్వు ఉంటుంది. చీమలు దానికోసం గింజను పుట్టకు మోసుకుపోయి, బుడిపె తిని గింజను వదిలేస్తాయి. ఇదంతా కలిపినా మొక్క ప్రయాణం పదుల మీటర్లకు మించదు. అలాంటప్పుడు ఖండాల మధ్య ఇంత విస్తరణ ఎలా సాధ్యమైంది?

దానికి ఒకే జవాబు లేదు. యుఫోర్బియా ఆఫ్రికాలో పుట్టి అమెరికాకు సముద్రం దాటి వెళ్లిందని వంశవృక్ష అధ్యయనాలు సూచిస్తున్నాయి. నానబాలు వర్గపు గింజలు తడిస్తే జిగురు కట్టి అంటుకుంటాయి. పక్షుల కాళ్లకు, ఈకలకు పట్టుకుని దూర ద్వీపాలకు చేరడానికి ఈ గుణం ఉపకరించిందని భావిస్తారు. తెల్లపొణికి ఉన్న గివోటియా ప్రజాతిలో జాతులు నాలుగే. వాటిలో రెండు మడగాస్కర్‌లో, ఒకటి తూర్పు ఆఫ్రికాలో, ఒకటి దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఉన్నాయి. మన చెట్టుకు మొలక్కానా అన్న శాస్త్రీయ నామం ఉన్నా మొలక్కా దీవుల్లో అది పెరగదు. హిందూ మహాసముద్రపు రెండు ఒడ్లను ఇలా కలిపే మొక్కలు పొడి అడవుల పాత చరిత్రకు ఆనవాళ్లు. ప్రజాతుల వారీగా చూస్తే గీతలు ఇంకా స్పష్టంగా ఉంటాయి. రబ్బరు చెట్టు హీవియా, కర్రపెండలం మానిహాట్ పూర్తిగా అమెరికావి. మకరంగా, కుంకుమ చెట్టు మాలోటస్ పాత ప్రపంచానివి. క్రోటన్, జట్రోఫా రెండు వైపులా ఉన్నవి.

ఇటీవలి అయిదు వందల ఏళ్లలో ఈ గీతలను చెరిపింది ఓడలే. 1876లో హెన్రీ వికమ్ అమెజాన్ నుంచి తెచ్చిన సుమారు 70 వేల రబ్బరు గింజల్లో లండన్ క్యూ తోటలో మొలిచిన కొద్దిపాటి మొక్కలు సింహళానికి, సింగపూరుకు చేరాయి. పుట్టిన గడ్డ మీద రబ్బరు తోటలను నాశనం చేసే ఆకుఎండు శిలీంధ్రం వాటితో ఆసియాకు రాలేదు. ఆసియా తోటలు నిలవడానికి, అమెజాన్‌లో ఫోర్డు కంపెనీ తోటలు విఫలం కావడానికి ప్రధాన తేడా ఇదే. కర్రపెండలం పోర్చుగీసు ఓడల్లో వచ్చి, కాలక్రమంలో సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యం మిల్లులకు ముడిసరుకైంది.

పేరు మారితే వాడకంలో ఏం మారుతుంది?

కుటుంబం పేరు మారినంత మాత్రాన ఉసిరికాయ గుణం మారదు. అయితే కుటుంబం అనేది మొక్కలో ఏ రసాయనం ఉండవచ్చో ముందే ఊహించే సాధనం. నేపాళం గింజల్లోని ఫోర్బాల్ ఎస్టర్లు, ఆముదం గింజలోని రైసిన్, కర్రపెండలంలోని సైనైడ్ విడుదల చేసే పదార్థాలు వంటి విషాలు యుఫోర్బియేసి వైపువి. అడవి ఆముదం గింజలు వేరుశనగ పప్పులా రుచిగా ఉంటాయని తిన్న పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలవడం తరచూ వినేదే. కార్తీకంలో వనభోజనాలకు నీడనిచ్చే ఉసిరిని ఈ గుంపులో చేర్చి బోధించినంత కాలం, కుటుంబ లక్షణాల జాబితా పాఠకుడికి సరిగా ఉపయోగపడలేదు.

విశాఖ మిద్దెతోటల్లో పెంచే రెండు ఆకుకూరలు ఈ విషయాన్ని బాగా చూపిస్తాయి. మల్టీ విటమిన్ మొక్కగా పిలిచేది ఇప్పుడు ఫిల్లాంథేసి కుటుంబంలోని బ్రేనియా ఆండ్రోజైనా. పాత జాబితాల్లో సారోపస్. మెక్సికో మూలపు చాయా మొక్క యుఫోర్బియేసిలోని నిడోస్కోలస్, కర్రపెండలానికి దగ్గరిది. చాయా ఆకులో సైనైడ్ విడుదల చేసే పదార్థాలున్నాయి కనుక పచ్చిగా తినకూడదు, రసం తీసి తాగకూడదు. నీటిలో బాగా ఉడకబెట్టిన తర్వాతే కూరకు వాడాలి. మొదటిదానికి ఆ ప్రమాదం లేకపోయినా, 1990ల మధ్యలో తైవాన్‌లో బరువు తగ్గడానికని దాని పచ్చిరసం పెద్ద మోతాదులో తాగినవారికి ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. వండుకుని కొద్దిగా తినడం, పచ్చిరసం రోజూ తాగడం ఒకటి కావని ఆ ఉదంతం చూపింది.

పేర్ల మార్పు ఇంకా ముగియలేదు. బ్రేనియా, గ్లోకిడియాన్ వంటి ప్రజాతులు ఫిల్లాంథస్ లోపలి నుంచే పుట్టినవని డీఎన్‌ఏ చూపడంతో, వాటన్నిటినీ ఫిల్లాంథస్‌లో కలపాలని కొందరు, ఫిల్లాంథస్‌నే విడదీయాలని కొందరు వాదిస్తున్నారు. 2022లో వచ్చిన విభజన ప్రతిపాదన ఉసిరికి ఎంబ్లికా అనే పాత ప్రజాతి పేరును తిరిగి నిలబెట్టింది. అందరూ దానిని ఇంకా అంగీకరించలేదు. అప్పటిదాకా జీవవైవిధ్య రిజిస్టర్లు రాసేవారు, ఔషధ మొక్కలు సేకరించేవారు తెలుగు పేరు, వాడిన శాస్త్రీయ నామం, ఏ గ్రంథం ఆధారంగా ఆ నామం రాశారన్నది మూడూ నమోదు చేస్తే, తర్వాత పేరు మారినా ఆ నమోదు ఏ మొక్క గురించో పోల్చుకోవచ్చు. నేల ఉసిరి పేరుతో నాలుగైదు జాతులు కలగలిసి అమ్ముడయ్యే మార్కెట్‌లో ఈ జాగ్రత్త అవసరం మరీ ఎక్కువ.